ఆదివారము ఎవరిది?

మొన్న ఉగాదినాడు మన సంఘము కూడికలో పచ్చడి గిన్నెలు అందిస్తూ వుండగా మా ప్రక్కింటి వదినగారు నన్నొక ప్రశ్న అడిగారు. ఆమె నోములూ వ్రతాలూ శ్రద్ధగా చేసుకొనే మనిషి. ఇతర మతాల సంగతి తెలుసుకోవాలన్న కుతూహలమే గాని ఎకసెక్కము ఆమెలో లేదు. "మీకు పది ఆజ్ఞలు వున్నాయి గదా వదినా, ఈ కాలములో పాటించడానికి వాటిలో అన్నిటికన్నా కష్టమైనది యేది?" అన్నారు.

చుట్టూ వున్న నలుగురైదుగురు ఆడవాళ్ళూ చెవులు ఇటు పెట్టారు. అబద్ధమాడవద్దన్నదో, పరుల సొమ్ము ఆశించవద్దన్నదో చెబుతాననుకొన్నారు కాబోలు. "మూడవది. ఆదివారమును పరిశుద్ధముగా ఆచరించమన్నది" అన్నాను. అందరూ ఒక్కసారిగా నవ్వారు. "సెలవు తీసుకొమ్మని దేవుడే చెప్పితే అదీ ఒక కష్టమేనా! అటువంటి ఆజ్ఞ మాకొకటి వుంటే నెత్తిన పెట్టుకొందుము" అన్నారు వదినగారు.

నేనూ నవ్వాను. కాని ఆ మాట నేను వేళాకోళానికి అనలేదు. దాని వెనుక నా తప్పొకటి వున్నది. ఈ నెల ఆ సంగతే చెప్పుకొందామని కూర్చున్నాను.

ముందు ఆజ్ఞ మాట. పది ఆజ్ఞలు బైబిలులో రెండుచోట్ల కనిపిస్తాయి. నిర్గమకాండము 20వ అధ్యాయములో ఒకసారి, ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో మరొకసారి. వాటికి అక్కడ అంకెలు వేసి లేవు. లెక్క పెట్టుకొన్నది తరువాతివారు. కతోలికులమైన మేమూ, లూథరను సభవారూ విశ్రాంతి దినపు ఆజ్ఞను మూడవదిగా లెక్కిస్తాము. బాప్టిస్టులు మొదలైనవారు నాల్గవది అంటారు. అందుచేత గుంటూరు లూథరను చుట్టమూ, ఒంగోలు బాప్టిస్టు చుట్టమూ ఒక పెండ్లి పందిట్లో కలిసి "నాల్గవ ఆజ్ఞ" అన్నారంటే ఒకరికి తల్లిదండ్రులను గౌరవించడము గుర్తుకు వస్తుంది, మరొకరికి ఆదివారము గుర్తుకు వస్తుంది. మా చుట్టాలలో ఇది నిజముగా జరిగినది. అరగంట వాదించుకొన్నారు.

రెండుచోట్లా ఆజ్ఞ ఒకటే అయినా, కారణము మాత్రము ఒకటి కాదు. నిర్గమకాండములో చెప్పిన కారణము సృష్టి. దేవుడు ఆరు దినములు పనిచేసి యేడవనాడు విశ్రమించాడు గనుక మీరూ విశ్రమించండి అని. ద్వితీయోపదేశకాండములో చెప్పిన కారణము ఐగుప్తు. మీరు ఆ దేశములో బానిసలుగా వుండినారు, ఆ సంగతి మరవవద్దు అని. అక్కడ యెవరెవరికి విశ్రాంతి ఇవ్వాలో ఒక పట్టిక కూడా వున్నది. నీవు, నీ కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, నీ వూరిలో తలదాచుకొన్న పరదేశి. యజమానికి దొరికినంత విశ్రాంతే దాసదాసీలకూ దొరకాలన్న ఉద్దేశము అక్కడ స్పష్టముగా చెప్పి వున్నది.

ఎద్దు పేరు వింటే మనవారికి వింతగా తోచనక్కరలేదు. సోమవారము బసవన్న వారమనీ, ఆనాడు ఎద్దు మెడమీద కాడి పెట్టరాదనీ రాయలసీమ పల్లెలలోనూ కన్నడ పల్లెలలోనూ పెద్దలు కట్టుబాటు పెట్టుకొన్నారు. మోషే పేరు వినని రైతులకు కూడా ఆ దయ తెలిసే వున్నది. పట్టికలో ఇల్లాలి పేరు మాత్రము లేదు. "నీవు" అన్న మాటలోనే ఆమె కలిసి వున్నదని పండితులు చెబుతారు. వుంటే సంతోషమే. ఆదివారము మధ్యాహ్నము మా యిండ్లలో కోడికూరా పలావూ వండేది యెవరో చూసినవారికి మాత్రము కొంచెము అనుమానము కలుగుతుంది.

యూదుల విశ్రాంతి దినము శనివారము. క్రీస్తు సమాధినుండి లేచినది ఆదివారము గనుక క్రైస్తవులు మొదటినుండీ ఆదివారము కూడి ప్రార్థించేవారు. అయితే సెలవు లేదు. ప్రార్థన ముగించుకొని పనికి పోవలసినదే. క్రీ.శ. 321లో రోము చక్రవర్తి కాన్‌స్టంటైను న్యాయస్థానాలకూ పట్టణాలలోని పనివారికీ ఆదివారము విశ్రాంతి శాసించాడు. పల్లెలలోని సేద్యగాండ్రకు మినహాయింపు ఇచ్చాడు. అదను తప్పితే విత్తనము చెడుతుందని ఆయనకెవరో తెలిసినవారు చెప్పి వుంటారు.

నాకు ఈ ఆజ్ఞ గురించిన మొదటి జ్ఞాపకము మా నాన్నగారిది. ఆయన కోలారు బంగారు గనులలో నీరు తోడే పంపుల దగ్గర పనిచేసేవారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అటువంటి గనులలో పంపులకు ఆదివారము లేదు, క్రిస్మస్ లేదు. తోడడము మానితే నీరు పైకి వస్తుంది. 2001లో గనులు మూసివేసిన తరువాత లోపల నీరు చేరి, మా నాన్నగారు దిగిన చోట్లన్నీ ఇప్పుడు మునిగి వున్నవి.

ఆదివారము షిఫ్టు పడినప్పుడు నాన్నగారికి పూజ దొరికేది కాదు. మా అమ్మకు అదొక బెంగ. ఆదివారపు పూజ మానడము పెద్ద పాపమని సత్యోపదేశములో నేర్చుకొన్న మనిషి ఆమె. ఒకనాడు పూజ అయిన తరువాత నన్ను చేయి పట్టుకొని తీసుకొనిపోయి విచారణ గురువులను అడిగినది. నాకప్పుడు ఎనిమిదేండ్లుంటాయి. పూజ లాటిను నుండి దేశభాషలకు మారుతున్న రోజులవి. ఆ స్వామి నవ్వి, "గుంటలో పడిన ఎద్దును ఆదివారమని వదిలిపెడతారా అమ్మా? నీ భర్త పంపు ఆపితే క్రింద వున్నవారు యేమి కావాలి? అతడు అక్కడ వుండడమే ప్రార్థన" అన్నారు. మా అమ్మ ముఖము తేటపడినది. వెళ్ళబోతూ వుంటే ఆయన మళ్ళీ పిలిచి, "మరి అతనికి బదులు సెలవు యే రోజు?" అని అడిగారు. మా అమ్మ చెప్పలేకపోయినది. ఆ ప్రశ్న యెందుకు అడిగారో నాకు అప్పుడు తెలియలేదు. తరువాత యాభై యేండ్లకు పైగా తెలియలేదు.

శ్రీసభ నియమము నిజానికి రెండు భాగాలు. 1983లో వెలువడిన సభా చట్టములోని 1247వ సూత్రములో రెండూ వున్నవి. ఆదివారము దివ్యబలిపూజలో పాల్గొనడము ఒకటి. దేవుని ఆరాధనకూ, ఆనాటి సంతోషానికీ, మనసుకూ ఒంటికీ కావలసిన విశ్రాంతికీ అడ్డు వచ్చే పనులు మానడము రెండవది. మొదటి భాగము మాకు బాగా జ్ఞాపకము వుంటుంది. రాత్రి షిఫ్టుల ఉద్యోగాలు చేసే పిల్లలకు వీలుగా శనివారము సాయంకాలపు పూజ కూడా ఆదివారపు లెక్కలోకి వస్తుందన్న సంగతి (అది 1248వ సూత్రము) మా యిండ్లలో అందరికీ తెలుసు. రెండవ భాగము జ్ఞాపకము పెట్టుకొన్నవారు తక్కువ. 1992 నాటి సత్యోపదేశ గ్రంథములో ఇంకొక మాట కూడా వున్నది. ఇతరుల ఆదివారము చెడిపోయేటట్లు అనవసరమైన పనులు వారిమీద పెట్టవద్దు అని. ఇది నేను పిల్లలకు సత్యోపదేశము చెప్పే రోజులలో చదివిన భాగమే. గీత కూడా గీసి పెట్టుకొన్నాను.

ఇక నా తప్పు.

బెంగుళూరులో మా యింట పనిచేసే అమ్మాయి కుప్పము ప్రాంతము మనిషి. తెలుగు బిడ్డ, కతోలిక బిడ్డ. మెడలో జపమాల వుంటుంది. రేకుల యింట్లో కాపురము, ఇద్దరు పిల్లలు. మా యిల్లు కాక ఇంకా మూడిండ్లలో చేస్తుంది. మా దగ్గర చేరి అప్పటికి ఆరేండ్లు. మంచిగా చూసుకొంటున్నామనే నా నమ్మకము. పండుగకు చీర, పిల్లల పుస్తకాలకు కొంత, మిగిలిన కూర గిన్నె. ఆదివారము కూడా వచ్చేది. ఆదివారము మరీ తప్పనిసరిగా వచ్చేది, ఆనాడే గదా చుట్టాలు వచ్చేది.

2024 మార్చి 3, తపస్సుకాలములో మూడవ ఆదివారము. నేను పూజకు బయలుదేరుతూ తాళము చెవి ఆమె చేతిలో పెట్టి, "గిన్నెలు యెక్కువ వున్నవి. మధ్యాహ్నము భోజనానికి ఆరుగురు వస్తారు. సాయంకాలము మళ్ళీ ఒకసారి రా" అన్నాను. ఆమె సరేనన్నది. నేను గడప దాటుతూ వుంటే, "టీచరమ్మా, నా కోసరము కూడా ఒక కొవ్వొత్తి వెలిగించు మా. చిన్నోడికి జ్వరం" అన్నది.

నేను చెప్పులు వేసుకొంటూ, యేమీ ఆలోచించకుండా, "నువ్వే వచ్చి వెలిగించుకోవచ్చు గదా" అన్నాను.

"నేనొస్తే గిన్నెలు ఎవరు కడిగేది మా?" అన్నది. అందులో నిష్ఠురము లేదు. నిజముగా తెలియక అడిగినట్లే అడిగి, నీళ్ళు తిప్పుకొన్నది.

గుడిలో కూర్చున్నాను. ఆ ఆదివారానికి శ్రీసభ నిర్ణయించిన మొదటి పఠనము నిర్గమకాండము 20వ అధ్యాయమే, అనగా పది ఆజ్ఞలే. చదివే అబ్బాయి దాసుడు, దాసి అన్న చోటికి వచ్చేసరికి నాకు సింకులో నీళ్ళ చప్పుడు వినిపించినది. ఆరేండ్లుగా నేను ఆదివారము పూజకు తీరికగా వస్తున్నానంటే ఆ తీరిక ఆమె చేతిమీదుగా వచ్చినదే. ఇంటిలో పని చూసుకొనేవారు లేకపోతే నేనూ ఆ వేళకు గిన్నెల ముందే వుండేదాన్ని. పాపసంకీర్తనానికి ముందు పది ఆజ్ఞలు వరుసగా తలచుకొని తప్పులు వెదుక్కోవడము మా అలవాటు. ప్రతిసారీ మూడవ దాని దగ్గర నేను ఆగేదాన్నే కాదు. వర్షమైనా జ్వరమైనా పూజ మానలేదు గదా, ఇంకేమున్నది?

ఆ రాత్రి డైరీ తీసి చూశాను. ముందు సంవత్సరము ఆమె పనికి రాని రోజులు రాసిపెట్టుకొన్న పుస్తకమది. తమ్ముని పెండ్లికి మూడు రోజులు, జ్వరానికి రెండు రోజులు, క్రిస్మస్ నాడు ఒక పూట. జ్వరపు రెండు రోజులకు జీతము కోసిన లెక్క నా దస్తూరీలోనే వున్నది. "మరి అతనికి బదులు సెలవు యే రోజు?" అని కోలారు స్వామి అడిగిన ప్రశ్న అప్పుడు జ్ఞాపకము వచ్చినది. గనిలోనైనా బదులు సెలవు అన్న మాట ఒకటి వుండేది. నా యింట్లో ఆ మాట కూడా లేదు.

ఆదివారపు సెలవు ఈ దేశములో పనివారికి ఊరికే రాలేదు. మహారాష్ట్రలోని మన సోదరులకు ఈ చరిత్ర తెలిసే వుంటుంది. బొంబాయి నూలు మిల్లులలో పూర్వము పొద్దు పొడిచినది మొదలు పొద్దు గూకేదాకా పని. వారానికి ఒక రోజు సెలవన్న నిర్ణయము లేదు. జ్యోతిరావు ఫూలేగారి సత్యశోధక సమాజములోని నారాయణ మేఘాజీ లోఖండే 1884 నుండి పనివారిని కూడగట్టి అడుగుతూ వచ్చారు. ఆదివారము ఖండోబా దేవుని వారమన్నది కూడా ఆయన వాదనలలో ఒకటని చెబుతారు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారపు సెలవుకు ఒప్పుకొన్నారు. మన తెలంగాణా పద్మశాలీలు కూడా ఆ మిల్లులలో బ్రతుకు తెరువు వెదుక్కొన్నవారే. పోపు 13వ లియోగారు పనివారి హక్కులమీద తమ ప్రసిద్ధ లేఖ వ్రాసి, ఆదివారపు విశ్రాంతి పనివానికి చెందవలసినదని చెప్పినది 1891 మేలో. అంటే క్రైస్తవుడు కాని లోఖండేగారు ఒక యేడు ముందే మూడవ ఆజ్ఞను బొంబాయి మిల్లులలో అమలు చేయించారు. ఈ మాట నేను మా గుడిలో చెప్పితే ఒకరిద్దరు ముఖము చిట్లించారు. చిట్లించనివ్వండి.

మిల్లుకు వచ్చిన సెలవు ఇంటి వంటగదిలోకి మాత్రము రాలేదు. ఇంటిపని చేసేవారికి వారానికి కనీసము 24 గంటలు వరుసగా విశ్రాంతి వుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒక ఒడంబడిక చేసినది. మన దేశము దానిని ఇంకా ధ్రువీకరించలేదు. బెల్జియమునుండి వచ్చిన జీన్ డెవోస్ అనే సన్యాసిని 1980లలో ఇంటిపనివారిని సంఘముగా కూర్చి, వారానికొక సెలవు కావాలని అడగడము నేర్పారు. ఆమె పేరు మా సత్యోపదేశ తరగతులలో నేనెన్నిసార్లు చెప్పి వుంటానో. చెప్పి ఇంటికి వచ్చేసరికి గిన్నెలు కడిగి బోర్లించి వుండేవి.

ఇప్పుడు ఫోనుమీద వేలు పెడితే నిమిషాలమీద కొత్తిమీర కట్ట గుమ్మములోకి వస్తున్నది. తెచ్చే కుర్రవాడు మెట్లు పరుగెత్తుకొంటూ ఎక్కుతాడు. ఆదివారము వానికి గిరాకీ యెక్కువ. అన్నీ మానుకొమ్మని నేను అనడము లేదు. ఆసుపత్రిలో నర్సు ఆదివారము మానితే రోగి గతి యేమిటి? మా ఆడపిల్లలు యెందరో నర్సులే. బస్సు నడవాలి, పంపు నడవాలి. కాని కొత్తిమీర సోమవారము దాకా ఆగగలదు. శనివారము గుర్తుంచుకొని తెచ్చుకోగలిగినది ఆదివారము తెప్పించుకోవడములో మా యింట జరిగిన పనులే నేను లెక్క వేసుకొంటే పది దాకా తేలినవి.

మరుసటి రోజే ఆమెతో, "ఇకమీద ఆదివారము రావద్దు, జీతములో కోత లేదు" అని చెప్పాను. నాకు ప్రశాంతముగా వుంటుందనుకొన్నాను. ఆమె భయపడినది. "ఏం తప్పు చేసినా మా?" అన్నది. వేరే మనిషిని పెట్టుకొంటున్నామేమోనని ఆమె అనుమానము. నచ్చజెప్పేసరికి గంట పట్టినది. తరువాత తెలిసినదేమంటే, నా ఒక్క యిల్లు వదిలినంతమాత్రాన ఆమెకు ఆదివారము రాలేదు. మిగిలిన మూడిండ్లు వున్నవి గదా. నా దగ్గర మిగిలిన గంటను మరొక యిల్లు లాక్కొన్నది. ఏడాదికి పైగా అట్లాగే నడిచినది.

ఆ మూడిండ్లలో ఒకటి మా ప్రక్కింటి వదినగారిదే. ఉగాదినాడు అందరూ నవ్విన తరువాత, కుర్చీలు సర్దే వేళకు, ఈ కథంతా ఆమెకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. పిదప, "మా అత్తగారు సోమవారము ఎద్దుల కొట్టము వైపు ఎవరినీ పోనిచ్చేవారు కాదు. వాటికి కుడితి కూడా తామే పెట్టేవారు" అని మాత్రము అన్నారు. వారము తిరగకముందే రెండవ యింటివారితో తానే మాట్లాడి వచ్చారు. నాకంటే ఆమె మాట ఆ యింట్లో చెల్లుతుంది. ఇక నాల్గవ యింట్లో మంచాన పడిన పెద్దాయన వున్నారు. పక్కబట్టలు మార్చడానికి ఆదివారమైనా ఒక మనిషి కావాలి. అది పంపు వంటి పని, ఆపమని యెవరనగలరు? వారు బుధవారము మధ్యాహ్నమునుండి బదులు సెలవు ఇవ్వడానికి ఒప్పుకొన్నారు. ఆదివారము ఆరింటికి పోయి, ఏడు లోపల వచ్చేస్తుంది.

అట్లా వచ్చిన మొదటి ఆదివారము నేను గుడిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. తెలుగు పూజ జరిగే ఆదివారమే అది. ఆమె రాలేదు. కొవ్వొత్తి నేనే వెలిగించాను.

సోమవారము పనికి వచ్చినప్పుడు అడిగాను, నిన్న యేమి చేశావని.

"నిద్రపోతిని మా" అన్నది. "పెద్దాయన ఇంటి నుంచి వచ్చి పడుకొంటే పదకొండైంది లేచేసరికి. బిడ్డలు లేపితే గూడా లేవలేదంట."

గుడికి యెందుకు రాలేదన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చినది. టీచరుగా ముప్పై యేండ్లు చేసినదాన్ని, అటువంటి మాటలు నాకు తొందరగా వస్తాయి. మింగేశాను.

ఆమె ఆదివారపు గిన్నెల బుట్ట వైపు చూసినది. మావారు తోమి బోర్లించినవి అవి. కోడికూర వండిన మూకుడు తీసి వెలుతురులో త్రిప్పి చూసి, యేమీ అనకుండా కొబ్బరి పీచు అందుకొన్నది.